చనుబాలు – వాత్సల్యమా, విద్యా? : తెలుగు సాహిత్యంలో బాలింత జ్ఞానం

ప్రస్తావన

తెలుగు సాహిత్యంలో తల్లిపాలకు కొదవ లేదు. పురాణాల్లో, ద్విపద కావ్యాల్లో, లాలిపాటల్లో, సామెతల్లో, సినిమా సంభాషణల్లో అవి పొంగుతూనే ఉంటాయి. కొరవడినది పాలిచ్చే పనికి సంబంధించిన జ్ఞానం. బిడ్డను ఒడిలో ఎలా పట్టుకోవాలి, చన్ను నోటికి ఎలా అందించాలి, మూడో రోజున రొమ్ము రాయిలా బిగుసుకుంటే ఏం చేయాలి, చనుమొన పగిలి నెత్తురు చిమ్ముతున్నప్పుడు బిడ్డను దగ్గరకు తీసుకోవాలా, దూరంగా ఉంచాలా? తొలిచూలు బాలింతలు సాధారణంగా ఎదుర్కొనే ఈ ప్రశ్నలు సాహిత్య విమర్శలో చర్చకు వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. స్తన్యాన్ని వాత్సల్యానికి సంకేతంగా చదవడానికి అలవాటుపడిన విమర్శ, అది నేర్చుకోవలసిన ఒక విద్య అన్న సంగతిని పట్టించుకోలేదు.

ఈ ఏమరుపాటుకు సాహిత్యం వెలుపల కూడా మూల్యం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం, ఆరు నెలలలోపు శిశువుల్లో కేవలం తల్లిపాలతోనే పెరుగుతున్నవారు 63.7 శాతం. ఈ అంకెల వెనుక ఆసుపత్రి, కుటుంబం, ఉపాధి, డబ్బాపాల విపణి అన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఒక సాంస్కృతిక విశ్వాసం కూడా ఉంది. ప్రేమ ఉంటే పాలు వాటంతటవే వస్తాయన్నది ఆ విశ్వాసం. పాలు చాలని తల్లిని అది నేరస్థురాలిని చేస్తుంది. ఆ విశ్వాసాన్ని నిలబెట్టడంలో సాహిత్యం పాత్ర ఎంత, దాన్ని ప్రశ్నించే ఆధారాలు అదే సాహిత్యంలో ఎక్కడ ఉన్నాయి అన్నవాటిని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మాటల్లో నిలిచిన జ్ఞానం

కావ్యం కంటే ముందు పదకోశాన్ని పరిశీలించాలి. తెలుగులో పాలిచ్చే తల్లి శరీరానికి సంబంధించిన మాటలు నిర్దిష్టమైనవి. ప్రసవం తరువాత పాలు ‘పడతాయి’; బిడ్డ చప్పరిస్తే ‘చేపుకు వస్తాయి’; బిడ్డ తాగకపోతే ‘గడ్డకడతాయి’; తాగించడం మానేస్తే ‘ఇంకిపోతాయి’. వరుసగా పెట్టి చూస్తే ఇవి ఒక శరీర ప్రక్రియలోని దశలు.

వీటిలో ‘చేపు’ అన్న మాట ప్రత్యేకంగా గమనించదగినది. దూడను వదలగానే ఆవు పొదుగులోకి పాలు దిగడాన్నీ, బిడ్డ నోరు తగలగానే తల్లి చన్నులోకి పాలు ఎగదన్నడాన్నీ తెలుగు ఒకే క్రియతో చెబుతుంది. బిడ్డ చప్పరింపుతో, కొన్నిసార్లు కేవలం ఏడుపు వినడంతోనే, తల్లి మెదడు నుండి ఆక్సిటోసిన్ విడుదలై పాలను బయటికి నెట్టుతుందని ఆధునిక వైద్యం వివరిస్తుంది. భయం, నొప్పి, అవమానం ఈ విడుదలను అడ్డుకుంటాయని కూడా చెబుతుంది. బెదిరిన గొడ్డు చేపదని పాడి ఎరిగిన ఇళ్లకు తెలుసు. పాలు తయారుకావడం ఒకటి, విడుదల కావడం మరొకటి అన్న సూక్ష్మ భేదాన్ని ఈ మాట తనలో దాచుకుంది.

అయితే మాటల్లోని జ్ఞానమంతా నిర్దోషమని చెప్పలేము. ‘ముర్రుపాలు’ అన్న పేరు తొలిరోజుల పాలు తరువాతి పాలకంటే భిన్నమైనవని గుర్తించింది. కాని పశువు తొలిపాలను జున్నుగా వండి ఇరుగుపొరుగుకు పంచిపెట్టిన ఇళ్లలోనే తల్లి తొలిపాలను చెడ్డవని పిండి పారబోసిన ఆచారం కూడా నడిచింది. దీనికి శాస్త్ర గ్రంథాల అండ కూడా ఉంది. పాలు మూడు నాలుగు రోజులకు గాని ప్రవర్తించవని చెప్పి, ఆలోగా శిశువుకు తేనె, నెయ్యి నాకించమన్నది సుశ్రుతం. అలాగే ‘ఏడవందే అమ్మయినా పాలివ్వదు’ అన్న సామెత లోకరీతిని చెప్పడానికి ఎంత పనికివచ్చినా, బాలింతకు పాఠంగా పనికిరాదు. ఏడుపు ఆకలికి చివరి సూచన. నోరు తెరిచి తల తిప్పడం, పిడికిలి చప్పరించడం అంతకుముందే కనిపించే గుర్తులు. ఏడ్చి అలసిన బిడ్డ చన్నును సరిగా అందుకోలేదు. కనుక సంప్రదాయ జ్ఞానాన్ని మొత్తంగా కీర్తించడం గాని, మొత్తంగా తోసిపుచ్చడం గాని పరిశోధకుడి పని కాదు. ఏ మాటలో అనుభవం నిలిచింది, ఏ మాటలో భయం నిలిచింది అని విడదీసి చూడాలి.

కావ్య స్తనం, వైద్య స్తనం

ప్రబంధ భాషలో స్తనానికి ‘పాలిండ్లు’ అన్నది ఎంతో ప్రియమైన మాట. పాలకు ఇండ్లు అన్నది దాని వ్యుత్పత్తి. సంస్కృతంలోని ‘పయోధరం’ కూడా పాలను ధరించేదే. కాని ఈ రెండు పదాలూ అధికంగా ప్రయోగమైనది నాయికా వర్ణనలలో. జక్కవలు, కరికుంభాలు, బంగారు కుండలు, కొండలు అన్న ఉపమానాల వరుసలో పాలిండ్లలోని పాలు కనుమరుగయ్యాయి. ఇల్లు మిగిలింది, అందులో ఉండవలసినది లేకుండా పోయింది.

ఇదే శరీర భాగాన్ని వైద్య గ్రంథం ఎలా చూసిందో పోల్చితే తేడా తెలుస్తుంది. చరక సంహిత శారీరస్థానంలో దాదిని ఎంచుకునే సందర్భంలో ‘స్తనసంపత్తు’ చెప్పబడింది. మరీ ఎత్తైనవి గాని, మరీ వేలాడేవి గాని, మరీ కృశించినవి గాని, మరీ బలిసినవి గాని కాక, తగిన చనుమొన కలిగి, బిడ్డ సుఖంగా తాగగలిగినవి ఉత్తమమైనవని దాని సారాంశం. కావ్యానికి అతిశయమే అందం. వైద్యానికి బిడ్డ నోటికి అందడమే గుణం. ఒకటి చూసేవాడి కన్నును, మరొకటి తాగేవాడి నోటిని ప్రమాణంగా పెట్టుకున్నాయి. రెండింటిలోనూ ఆ శరీరం గల స్త్రీ పరీక్షకు నిలబడినదే తప్ప మాట్లాడినది కాదు. చరకంలోనూ కొలత కొలిచేది ఇతరులే. ఆమెకు నొప్పిగా ఉందా, సుఖంగా ఉందా అన్న ప్రశ్నకు ఈ రెండు సంప్రదాయాల్లోనూ తగిన చోటు దొరకలేదు.

అలంకార శాస్త్రం వాత్సల్యాన్ని రసంగా అంగీకరించినప్పుడు కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని రసంగా చేర్చాడు. దానికి ఆలంబనం పుత్రాదులు, స్థాయి స్నేహం. తల్లి భావానికి ఆశ్రయంగా లెక్కకు వచ్చింది. ఆమె నిద్ర, ఆమె తిండి, ఆమె పని ఆ లెక్కలో లేవు. ఇందువల్ల పాలు భావానికి బాహ్య చిహ్నమయ్యాయి. భాగవత దశమ స్కంధంలో ఏళ్ల తరువాత తిరిగివచ్చిన ప్రద్యుమ్నుని చూడగానే, అతడు తన కొడుకని తెలియకముందే, రుక్మిణికి చన్నులు చేపుతాయి. సుతలం నుండి కృష్ణుడు తెచ్చిన ఆరుగురు బిడ్డలకు దేవకి చన్నిస్తుంది. జానపద కథల్లో తల్లీబిడ్డల ఆనవాలు ఘట్టాలలోనూ ఇదే కల్పన కనిపిస్తుంది. ఇక్కడ పాలు రక్త సంబంధానికి సాక్ష్యం చెబుతాయి. కావ్య సత్యంగా ఇది గొప్ప కల్పన. కాని శరీర ధర్మం వేరు. బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి, తాగకపోతే ఇంకుతాయి. కావ్యంలోని పాలకు ప్రేమ చాలు. ఇంట్లోని పాలకు ప్రేమతోపాటు బిడ్డ నోరు, తల్లికి విశ్రాంతి, ఆహారం, ధైర్యం చెప్పే మనిషి కావాలి.

రెండు ఘట్టాలు: బెజ్జమహాదేవి, యశోద

ఈ సాధారణ ధోరణికి భిన్నంగా నిలిచే ఘట్టాలు ప్రాచీన సాహిత్యంలోనే ఉన్నాయి. వాటిలో మొదటిది పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ. శివుడికి తల్లి లేదు. తల్లే ఉంటే విషం తాగనిచ్చేదా, పాములు చుట్టుకోనిచ్చేదా, వల్లకాట్లో తిరగనిచ్చేదా అన్నది ఆమె వేదన. తానే తల్లియై శివుణ్ణి పసిబిడ్డగా సాకుతుంది. ఆమె భక్తిని పరీక్షించడానికి శివుడు ‘అంగిటి ముల్లు’ అనే పసిపిల్లల రోగం తెచ్చుకుని పాలు మానేస్తాడు. ఆమె దుఃఖం ప్రాణత్యాగానికి సిద్ధపడేవరకు పోతుంది. ప్రత్యక్షమైన శివుణ్ణి ఆమె కోరేది మోక్షం కాదు, బిడ్డకు స్వస్థత.

ఈ కథను సాధారణంగా ముగ్ధభక్తికి పరాకాష్ఠగా వ్యాఖ్యానిస్తారు. ఆ వ్యాఖ్యానం సరైనదే గాని అసంపూర్ణం. సోమనాథుడు పరీక్షకు ఎంచుకున్న సాధనం ఏమిటన్నది గమనించాలి. శివుడు తిరిపెగాని వేషంలో వచ్చి కొడుకు మాంసం అడగలేదు, కన్ను అడగలేదు. పాలు తాగడం మానేశాడు. తల్లిని కుప్పకూల్చడానికి అది చాలునని కవికి తెలుసు. అంతేకాక, బిడ్డ పాలు మానడానికి కారణం తల్లి ప్రేమలో లోపమని కవి చెప్పలేదు. ఆమె ప్రేమ మీద ఏ అనుమానానికీ తావు లేదు. లోపం బిడ్డ నోటిలో ఉంది, దానికొక పేరు ఉంది. నోటిలో పూత వంటి బాధ ఉన్న బిడ్డ చన్ను అందుకోలేడని నేటి శిశువైద్యులు కూడా ముందుగా నోరు తెరిచి చూస్తారు. జనం నాలుకపై ఉన్న రోగనామాన్ని జానుతెనుగు ద్విపదలోకి తెచ్చుకోవడం వల్ల, ప్రేమ ఉన్నా పాలు సాగని స్థితి ఒకటి ఉందన్న సత్యం కావ్యంలో నమోదైంది. దేవుడికి పాలు పట్టలేకపోయిన తల్లి నిస్సహాయత, ప్రతి పురిటింటి అర్ధరాత్రి నిస్సహాయతే.

రెండవది పోతన భాగవతంలో ఉలూఖల బంధనానికి దారితీసే ఘట్టం. యశోద పెరుగు చిలుకుతుండగా కృష్ణుడు వచ్చి చన్ను తాగుతుంటాడు. పొయ్యిమీది పాలు పొంగుతున్నాయని, తాగుతున్న బిడ్డను దించి ఆమె పరుగెత్తుతుంది. కడుపు నిండని బాలుడు కోపంతో కుండ పగులగొడతాడు. ఆ తరువాతి రోటి కథ, మద్దిచెట్ల కథ అందరికీ తెలిసినవే. భక్తి వ్యాఖ్యానాలు భగవంతుణ్ణి కూడా కట్టగలిగిన ప్రేమను ఇక్కడ చూశాయి. ఆ మహత్తుకు తొలి కారణం మాత్రం రెండు పాల మధ్య నలిగిన ఒక స్త్రీ. ఒడిలో ఒక పని, పొయ్యిమీద ఒక పని; రెండూ ఆమెవే. బిడ్డ తృప్తిగా తాగి తానుగా వదిలేదాకా ఉండాలని నేటి ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు. ఆ సలహా అమలు కావాలంటే పొయ్యి దగ్గర మరొకరు ఉండాలి. గోకులాధిపతి ఇల్లాలికే ఆ వెసులుబాటు లేని క్షణాన్ని పురాణం గుర్తించింది. పోతన దానిని తెలుగింటి చిత్రంగా నిలిపాడు. దశమ స్కంధంలో దీనికి ముందు పూతన కథ ఉన్నదన్న విషయం కూడా మరువరాదు. పూతన పేరు సుశ్రుతంలో శిశువులను పీడించే బాలగ్రహాలలో ఒకటి. పూతన కూలిన తరువాత గోపికలు రక్ష కట్టాక యశోద మొదట చేసేది బిడ్డకు చన్నివ్వడం. విషపు చన్ను భయం నుండి తేరుకునే మార్గంగా కథ తల్లి చన్నునే చూపింది.

పాట, పురిటిగది

కావ్యంలో అరుదుగా మెరిసిన ఈ శరీర స్పృహ స్త్రీల పాటల్లో సహజంగా కనిపిస్తుంది. కృష్ణశ్రీ సంకలనం చేసిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ (1955) వంటి సేకరణల్లో రాముడి జననం యాగఫలంగా ముగియదు. కౌసల్య వేవిళ్లు పడుతుంది, నొప్పులు పడుతుంది, పైనుండి వేలాడదీసిన తాళ్లు పట్టుకుని కంటుంది. ఈ పాటలు స్త్రీల అనుభవాన్ని కేంద్రంగా చేసుకున్న ప్రత్యామ్నాయ రామాయణమని వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో నిరూపించారు. ఆయన పరిశీలనను ఒక అడుగు ముందుకు తీసుకుపోవచ్చు. పాటలోని వస్తువుతోపాటు పాట పాడిన చోటు కూడా ముఖ్యమే. పెరటి పంచలో, పురిటి స్నానం వేళ, తొట్టెల దగ్గర పెద్దలు పాడుతుండగా పక్కన పెళ్లికాని పిల్లలు ఉంటారు. బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టే తీరు, వీపు తట్టే తీరు, బాలింత పథ్యం, కాయం ముద్ద, బిగిసిన రొమ్ముకు వేడినీటి కాపడం — ఇవన్నీ వారు చూసి నేర్చుకున్నవి. మొదటి పురుడు పుట్టింట జరగడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో గాని తల్లీబిడ్డలను అత్తింటికి పంపకపోవడం అన్న ఆచారం ఈ విద్యకు కాలాన్నీ, చోటునూ కల్పించింది.

ఈ ఏర్పాటు అందరికీ సమానంగా దక్కలేదు. మూడు నెలల విశ్రాంతి కూలికి పోవలసిన తల్లికి లేదు. తెలంగాణలోని వెట్టి కాలపు జ్ఞాపకాల్లో, చేను దగ్గరి నుండి బిడ్డకు పాలిచ్చి వస్తానన్న తల్లిని దొర ఆపి అవమానించిన కథనాలు నేటికీ చెప్పుకుంటారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను గ్రంథస్థం చేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986)లో అడవి బాటలో బిడ్డను ఇతరులకు వదులుకోవలసి వచ్చిన తల్లి గొంతు ఉంది. బాలింత జ్ఞానం ఎంత ఉన్నా, దాన్ని ఆచరించే హక్కు కులం మీద, భూమి మీద ఆధారపడి ఉంటుందని ఈ మౌఖిక చరిత్రలు గుర్తుచేస్తాయి.

వచనం చేసిన పని

ముద్రణ వచ్చాక ఈ జ్ఞానం వచనంలోకి ప్రవేశించింది. స్త్రీల కోసం ఆరోగ్య విషయాలు రాయడం వీరేశలింగం నాటికే మొదలైంది. ఆయన ‘దేహారోగ్యధర్మబోధిని’ అందుకు ఉదాహరణ. 1928లో మద్రాసు నుండి వెలువడిన ‘గృహలక్ష్మి’ని స్థాపించిన కె. ఎన్. కేసరి వైద్యుడు, స్త్రీల మందు ‘లోధ్ర’ తయారీదారు. స్త్రీల పత్రిక, స్త్రీల మందు ఒకే చేతి నుండి రావడం యాదృచ్ఛికం కాదు. పురిటిగదిలో నోటిమాటగా ఉన్నది అప్పటికి చదువుకునే వస్తువుగా, కొనుక్కునే వస్తువుగా మారుతోంది.

ఈ వచన చరిత్రలో ఇద్దరు అచ్చమాంబల పేర్లను పక్కపక్కన నిలిపి చూడడం అవసరం. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబను (1874–1905) సాహిత్య చరిత్ర కథా రచయిత్రిగా తిరిగి గుర్తించుకుంది. ఆమె సోదరుడు కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964). ఆమె ప్రసూతి వైద్యురాలు, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన నాయకురాలు, ‘ప్రసూతి – శిశుపోషణ’ రచయిత్రి. మేనత్త స్త్రీల జీవితాలను చెప్పింది, మేనకోడలు స్త్రీల శరీరాలను చెప్పింది. మొదటిది సాహిత్యమైంది, రెండవది ‘ఉపయోగ గ్రంథం’గా మిగిలిపోయింది. ఒక స్త్రీ తన శరీరం గురించి మరొక స్త్రీకి సిగ్గు, భయం లేని తెలుగులో చెప్పడం తెలుగు వచన చరిత్రలో చిన్న విషయం కాదు. అటు ప్రబంధ భాష శృంగారంతో నిండినది, ఇటు వీధి భాష తిట్టుకు దగ్గరైనది. ఈ రెండింటి మధ్య ‘రొమ్ము’ అన్న మాటను గౌరవంగా పలకగల శైలిని కట్టడం భాషా నిర్మాణంలో భాగం. వ్యావహారిక భాషోద్యమ ఫలితాలను కథలో, నవలలో వెతికిన పరిశోధన, ఇటువంటి గ్రంథాల వచనాన్ని కూడా పరిశీలించవలసి ఉంది.

స్త్రీవాద కవిత్వం, కొంగు

1980, 90 దశకాల స్త్రీవాద కవిత్వం తల్లి శరీరాన్ని సంకేతం నుండి అనుభవంలోకి తెచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ ప్రసవాన్ని పుణ్యకార్యపు ముసుగు లేకుండా చూపింది. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’లో పాలు ఇంకడానికి వాడే మాత్ర ఒక కవితా వస్తువైంది. శరీరంలో ఊరేదాన్ని మందుతో ఆపవచ్చు గాని మనసులో ఊరేదాన్ని ఆపలేమన్న బాధ అందులో ఉంది. రుక్మిణి చన్నులు చేపిన ఘట్టానికి ఇది తలకిందులైన రూపం. అక్కడ బిడ్డ కనిపించగానే పాలు వచ్చి ఆనందమైంది; ఇక్కడ బిడ్డ లేకుండానే పాల ఊసు వచ్చి దుఃఖమైంది. పాలు ప్రేమకు చిహ్నమన్న పాత సమీకరణాన్ని కవయిత్రి తిరస్కరించలేదు. దాని బరువును శరీరం ఎలా మోస్తుందో చూపింది.

జయప్రభ ‘పైట’ను అణచివేతకు గుర్తుగా నిలిపితే, జూపాక సుభద్ర ‘కొంగు’ను దళిత స్త్రీ శ్రమకు తోడుగా నిలిపిన చర్చ సాహిత్య విద్యార్థులకు పరిచితమే. బాలింత దృష్టితో చూస్తే ఈ చర్చకు మరొక కోణం కనిపిస్తుంది. పాలిచ్చే తల్లికి ఆ వస్త్రం ఏకకాలంలో పైటా, కొంగూ. బస్టాండులో, ఆఫీసు మూలలో, చేను గట్టున బిడ్డకు చన్నిచ్చే స్త్రీ దాన్ని ఇతరుల చూపుకు అడ్డంగా కప్పుకుంటుంది. అదే గుడ్డతో బిడ్డ మూతి తుడుస్తుంది. ఆ స్తనాన్ని కోరికకు మాత్రమే కేటాయించిన చూపు మారనంతవరకు, ఏ కరపత్రమూ ఆమె సంకోచాన్ని పోగొట్టలేదు.

ముగింపు

నేడు ఉమ్మడి కుటుంబం చిన్నదైంది, పురిటిగది ఆసుపత్రిగా మారింది. నగరాల పెద్ద ఆసుపత్రుల్లో చన్ను పట్టించడం నేర్పే నిపుణులకు రుసుము చెల్లిస్తున్నారు. పల్లెల్లో ఆ పని ఆశా కార్యకర్తల భుజాన పడింది. అమెరికాలో కాన్పు అయిన కూతురి కోసం కాయం పొట్లాలతో తల్లి విమానం ఎక్కుతోంది. పాలివ్వడం నేర్పవలసిన, నేర్చుకోవలసిన విద్య అన్నదానికి ఇవన్నీ నిదర్శనాలు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, తెలుగు పదకోశం పాలిచ్చే ప్రక్రియను దశలవారీగా గుర్తించినా, ప్రబంధ సంప్రదాయం ఆ పదాలను శృంగారానికి మళ్లించింది. రెండు, బెజ్జమహాదేవి, యశోదల ఘట్టాలు ప్రేమ ఒక్కటే చాలదన్న ఎరుకను దాచుకున్నా, వాత్సల్యం, భక్తి అన్న పేర్లు పెట్టిన విమర్శ దాన్ని చూడలేదు. మూడు, ఈ జ్ఞానాన్ని నిజంగా మోసిన పాట, మౌఖిక చరిత్ర, వైద్య వచనం సాహిత్య చరిత్ర అంచుల్లోనే ఉండిపోయాయి. బిడ్డ చన్ను అందుకోక ఏడుస్తుంటే తానే తప్పు చేసినట్టు కుమిలిపోయే తొలిచూలు తల్లికి మన సాహిత్యం ‘ప్రేమిస్తే పాలొస్తాయి’ అని మాత్రమే చెప్పలేదు. ‘బిడ్డ నోరు చూడు’ అని, ‘పొయ్యి దగ్గర ఇంకొకరిని నిలబెట్టు’ అని కూడా చెప్పింది. ఆ మాటలు వినిపించేలా చదవడం తెలుగు విమర్శ చేయవలసిన పని.